తలమీది తట్ట, పుస్తకంలో సున్నా

1

మొన్న దసరా సెలవులకు కోస్గి పోయినప్పుడు మా అక్క బిడ్డ తన ఇంటర్ ఫిజిక్స్ నోటుబుక్కు తెచ్చి నా ముందట పెట్టింది. ఇంటికి ఇచ్చిన లెక్కలు ఇరవై. సగం చలనం, పని, శక్తి, సగం ఉష్ణం. నేను ఇంటర్ దాకా ఎంపీసీ చదివి, డిగ్రీలో ఆ దారి విడిచి, ఇప్పుడు విద్య మీద పరిశోధన చేస్తున్నవాణ్ణి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి కాబట్టి ఏ సబ్జెక్టయినా నాకు వస్తదని ఇంట్లోవాళ్ల నమ్మకం. ఆరో లెక్క దగ్గర ఇద్దరం ఆగినం.

లెక్క ఇది: ఒక మనిషి 20 కిలోల బరువు తలమీద పెట్టుకొని సమతలం మీద 50 మీటర్లు నడిచాడు. గురుత్వ బలానికి వ్యతిరేకంగా అతను చేసిన పని ఎంత?

జవాబు సైన్సు చదివిన అందరికీ తెలిసిందే. బరువు కిందికి లాగుతుంది, నడక అడ్డంగా సాగుతుంది. బలానికీ స్థానభ్రంశానికీ మధ్య కోణం 90 డిగ్రీలు. 90 డిగ్రీల కొసైన్ సున్నా. కాబట్టి పని సున్నా. పిల్ల గబగబా రాసేసింది.

పక్కన బియ్యం చెరుగుతున్న మా అమ్మ విన్నది. పెళ్లయిన ఏడాది నుంచి పదిహేనేండ్లు మేస్త్రీల వెంట ఊళ్లు తిరిగి తట్ట మోసిన మనిషి ఆమె. "సున్నా అంటే ఏందిరా? మోసినదానికి కూలి ఇయ్యరా?" అని అడిగింది. పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

ముందే ఒక మాట. భౌతికశాస్త్రం తప్పని నేను అనడం లేదు. పనికి అది ఇచ్చిన నిర్వచనం దాని అవసరాలకు సరిపోయే నిర్వచనమే. నా తగాదా ఆ నిర్వచనాన్ని మన పిల్లల చేతుల్లో ఎక్కడ పెట్టి, ఎక్కడ ఆపేస్తున్నారన్న దాని మీద. సున్నా దగ్గర లెక్క అయిపోలేదు. సున్నా దగ్గర పుస్తకం ఆగిపోయింది. ఈ రెంటికీ తేడా ఉంది.

2

మనం కథను, కవిత్వాన్ని, సినిమాను దళిత దృష్టితో చూసినం. తెలుగు వాచకాన్ని, చరిత్ర పుస్తకాన్ని నిలదీసినం. సైన్సు పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకొని నిలబడినం. అందులో కులం ఏముంటది, అంతా అంకెలే కదా అనుకున్నం. కానీ పాఠం చివర ఉండే లెక్క కూడా ఒక రచనే. రెండు వాక్యాల కథ అది. అందులో ఒక పాత్ర ఉంటుంది, ఒక స్థలం ఉంటుంది, ఒక సంఘటన జరుగుతుంది, చివర ఒక ఆజ్ఞ ఉంటుంది: కనుక్కోండి.

ఆ పాత్ర ఎవరు? "ఒక మనిషి." "ఒక వస్తువు." "ఒక కణం." నేను చదువుకున్న లెక్కల్లో కారు నిశ్చలస్థితి నుంచి బయల్దేరేది, గోపురం మీది నుంచి బంతి పడేది, లిఫ్టులో మనిషి పైకి పోయేవాడు. 60 కిలోల మనిషి ఉన్న లిఫ్టు 2 మీటర్ల త్వరణంతో పైకి పోతే అతని దృశ్యభారం 720 న్యూటన్లు. ఈ లెక్క నేను లిఫ్టు చూడకముందే చేసిన. మా నాయిన మాత్రం లిఫ్టు ఉండే బంగ్లాలను నాకంటే ముందే ఎరుగును. లిఫ్టు బిగించకముందు, 50 కిలోల సిమెంటు బస్తా భుజాన వేసుకొని మెట్లమీద ఎక్కినవాడు ఆయన. 30 మీటర్ల ఎత్తుకు తన 60 కిలోలు, బస్తా 50 కిలోలు కలిపి ఒక్క ఎక్కుడికి 33,000 జౌళ్లు. లిఫ్టులో నిలబడ్డ మనిషికి పుస్తకంలో లెక్క ఉంది. మెట్లమీది మనిషికి లేదు.

ఇంకో సున్నా చూడండి. దూరం వేరు, స్థానభ్రంశం వేరు అని మొదటి పాఠంలోనే చెబుతారు. బయల్దేరిన చోటికే తిరిగివస్తే ఎంత దూరం నడిచినా స్థానభ్రంశం సున్నా. పాలమూరు కూలీ దీపావళి తర్వాత కోస్గిలో బస్సెక్కి, పుణేలోనో బొంబాయిలోనో మట్టి తవ్వి, వానలకు కోస్గికి వస్తాడు. స్థానభ్రంశం సున్నా. 1955 డిసెంబర్‌లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిన కాలం నుంచి డ్యాముల కింద, కాల్వల కింద పాలమూరు లేబర్ పోసిన చెమటను ఈ పదంతో కొలిస్తే ఎప్పుడూ సున్నానే వస్తుంది. చేసిన ప్రయాణాన్ని కొలవాలంటే దూరం కావాలి. ఏ కొలతకు ఏ రాశి పట్టుకోవాలో నేర్పడమే సైన్సు. ఆ మాట పాఠంలో ఉంటే పిల్లకు రెండు రాశులూ బతుకులోంచే అర్థమయ్యేవి.

పదాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక పై చదువులకు తెలుగులో పుస్తకాలు వచ్చినై. అది పెద్ద మేలు. నాలాంటివాళ్లం ఆ పుస్తకాలతోనే బయటపడినం. అయితే "స్థానభ్రంశం" అనే మాట మొదటిసారి విన్నప్పుడు ఎవరో భ్రష్టుడైపోయిండని అనుకున్న. మా వాడలో అది "జరుగుడు". ఇప్పుడు మా పిల్ల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. సంస్కృతం గోడ పోయి ఇంగ్లీషు గోడ వచ్చింది. ఇంగ్లీషు కావాల్సిందే, అది మనం అడిగి తెచ్చుకున్న హక్కు. గోడకు తలుపు పెట్టే పని మాత్రం ఎవరూ చెయ్యలేదు.

3

ఇప్పుడు ఆరో లెక్కను నిజంగా చేద్దాం.

తట్టను నేలమీంచి తలమీదికి ఎత్తాలి. ఎవరు ఎత్తినా, 20 కిలోలు, ఎత్తు 1.5 మీటర్లు, గురుత్వ త్వరణం 10 అనుకుంటే 300 జౌళ్లు. దీన్ని పుస్తకం ఒప్పుకుంటుంది. తర్వాత 50 మీటర్ల నడక. పుస్తకంలోని మనిషి చక్రాల మీద దొర్లినట్టు పోతాడు. నిజం మనిషి అడుగులు వేస్తాడు. అడుగడుక్కీ నడుము, తల నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేచి కిందికి దిగుతాయి. 4 సెంటీమీటర్లు అనుకుంటే, తట్ట ఒక్కటే అడుగుకు 8 జౌళ్లు తీసుకుంటుంది. 50 మీటర్లకు సుమారు 80 అడుగులు. అంటే 640 జౌళ్లు. ఎత్తినదానికి రెండింతల పైన. ఇందులో కొంత లోలకం ఊగినట్టు తర్వాతి అడుగుకు తిరిగి పనికొస్తుంది. మిగిలింది ఒంట్లో వేడిగా మారిపోతుంది.

ఇది నేను కల్పించిన లెక్క కాదు, దీని మీద శాస్త్రమే ఉంది. కెన్యాలో లువో, కికుయు తెగల ఆడవాళ్లు తలమీద, వీపుమీద బరువులు మోసే తీరును కొలిచిన పరిశోధన 1986లో 'నేచర్' పత్రికలో వచ్చింది. తమ బరువులో ఐదోవంతు దాకా మోసినా వాళ్ల ఒంటి ఖర్చు పెరగలేదని తేలింది. 1995లో దానికి కారణం కూడా తేల్చారు. బరువు మోసేటప్పుడు ఆ లోలకం కదలికను వాళ్లు మామూలు నడకలో కంటే బాగా వాడుకుంటున్నారు. అంటే తలమీది మోత పెద్ద ప్రయోగశాలలో, పెద్ద పత్రికలో భౌతికశాస్త్రం అయింది. మన ఇంటర్ పుస్తకంలో అదే మోత సున్నా.

నిలబడి మోసినా సున్నా కాదు. తట్ట తలమీద పెట్టుకొని కదలకుండా ఆగినా, మెడ కండరాల్లో పోగులు నిమిషనిమిషానికీ బిగిసి వదులవుతూ ఉంటాయి. దానికి తిన్న తిండి ఖర్చవుతుంది. బయట ఏదీ కదలలేదు కాబట్టి ఆ ఖర్చంతా వేడి. చలనం పాఠంలో సున్నా అయినది ఉష్ణం పాఠంలో తేలుతుంది. రెండు పాఠాలనూ కలిపే ఈ ఒక్క వాక్యం పుస్తకంలో ఉంటే మా అమ్మ ప్రశ్నకు సగం జవాబు దొరికేది.

4

ఒక ఘనపు మీటరు మట్టిని లెక్కకు తీసుకుందాం. తవ్విన మట్టి 1,600 కిలోలు అనుకుంటే 20 కిలోల తట్టలు 80. ఒక్కో తట్టకు 50 మీటర్లు పోవాలి, 50 మీటర్లు రావాలి. మొత్తం నడక 8 కిలోమీటర్లు, అందులో 4 కిలోమీటర్లు నెత్తిమీద బరువుతో. పుస్తకం ఒప్పుకునే పని తట్టను ఎత్తినంతవరకే: 80 సార్లు 300, అంటే 24,000 జౌళ్లు. కేలరీకి 4.2 జౌళ్ల చొప్పున భాగిస్తే ఆరు కిలోకేలరీల లోపు. ఒక జొన్నరొట్టెలో వంద కిలోకేలరీలకు పైనే ఉంటాయి. ఈ లెక్కన మా అమ్మ రొట్టెలో చిన్న తుంపు తిని ఘనపు మీటరు మట్టి మోసెయ్యొచ్చు.

నిజం వేరు. గట్టి మోతపనిలో ఒంట్లో సెకనుకు సుమారు 400 జౌళ్లు ఖర్చవుతాయనుకుందాం. ఆ మట్టి మోయడానికి మూడు గంటలు పడితే 43,20,000 జౌళ్లు, వెయ్యి కిలోకేలరీలకు కొంచెం పైన. ఆరు ఎక్కడ, వెయ్యి ఎక్కడ? ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే మన తల్లుల బతుకు ఉంది.

ఇక్కడ ఒక వింత. పాఠ్యపుస్తకం అచ్చువేసే సర్కారే ఇంకో పుస్తకం కూడా వేస్తుంది. ఇంజనీర్ల ధరల పట్టిక. అందులో మట్టిపనికి రెండు మాటలున్నై, లీడ్, లిఫ్ట్. లిఫ్ట్ ఎత్తు, లీడ్ అడ్డంగా మోసిన దూరం. మొదటి కొంత దూరం, కొంత ఎత్తు మామూలు ధరలోనే కలిపి, ఆపైన పోతే అదనంగా కట్టాలి. అంటే బడిలో సున్నా అయిన అడ్డమోత పనికాడ డబ్బులు పలుకుతుంది. సర్కారుకు ఈ సంగతి తెలుసు. మా అమ్మకే తెలియనివ్వలేదు. గుంపు మేస్త్రీ గుంత కొలిచి లెక్క చెప్పేవాడు, లీడ్ అనే మాట ఆమె చెవిన పడలేదు. తవ్వే మొగవాని గుంత కంటికి కనబడుతుంది. మోసే ఆడదాని దూరం కనబడదు. కూలిలో తేడా అక్కడ మొదలైంది.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. కొలతను బట్టి కూలి, లీడ్, లిఫ్ట్ అనే మాటలు వాడలోకి వచ్చినై. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎండాకాలం నెలలకు అదనపు భత్యం కలిపేవారు. ఎండలో అదే పని అదే పని కాదని సర్కారు కాగితం మీద ఒప్పుకున్నట్టే అది.

ఎందుకు కాదో ఉష్ణం పాఠం చెబుతుంది. ఖర్చయ్యే 400 జౌళ్లలో కండరం ఐదోవంతు వరకే బయటి పనిగా మారుస్తుంది. మిగతా 320 వేడి. గంటకు 11,52,000 జౌళ్లు. గాలి ఒంటికంటే చల్లగా ఉంటే కొంత వేడి గాలికి పోతుంది. మే నెల మధ్యాహ్నం గాలే చర్మంకంటే వేడిగా ఉంటే, వేడి బయటినుంచి లోపలికి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక కిలో చెమట ఆవిరయితే సుమారు 24 లక్షల జౌళ్లు తీసుకుపోతుంది. అంటే ఒంటి వేడికే గంటకు అరలీటరు చెమట కావాలి, సూర్యుని వాటా వేరే. ఎనిమిది గంటలకు నాలుగు లీటర్లు. అవి ఆవిరి కావాలి, కారిపోతే చల్లబడదు. ఈ నీళ్లు అందకపోతే జరిగేదానికి మనం వడదెబ్బ అని పేరు పెట్టినం. గుప్తోష్ణం పాఠంలో మంచుగడ్డను కరిగించి లెక్క చేయిస్తారు. మంచుగడ్డకు బదులు మట్టిపనిలో ఉన్న మనిషిని పెడితే అదే సూత్రం, అదే గుణకారం. తేడా ఏమంటే, జవాబు తప్పితే ప్రాణం పోతుంది.

5

ఉష్ణం పాఠంలో నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. వేడిచేస్తే వస్తువులు వ్యాకోచిస్తాయని సారు చెప్పిండు. బండి చక్రానికి ఇనుప పట్టా వేసే ఉదాహరణ ఇచ్చిండు. మంచి ఉదాహరణ. చుట్టుకొలత నాలుగున్నర మీటర్లుండే పట్టాను 500 డిగ్రీలు వేడెక్కిస్తే 2.7 సెంటీమీటర్లు పెరుగుతుంది. కమ్మరి పట్టాను చక్రం కంటే కొంచెం తక్కువ చేసి, ఎర్రగా కాల్చి, ఎక్కించి, నీళ్లు పోస్తాడు. అది ముడుచుకొని చక్రాన్ని పట్టేస్తుంది. కమ్మరి, వడ్ల చేతిపని పుస్తకంలోకి వచ్చింది, వాళ్ల పేరు మాత్రం రాలేదు.

నేను లేచి అడిగిన: "సార్, మరి మా నాయిన డప్పును మంటమీద కాపితే సాగాలి కదా, బిగుసుకుంటదేంది?" క్లాసంతా నవ్వింది. "కులం పనుల ముచ్చట్లు క్లాసుల వద్దు, కూసో" అన్నడు సారు. నేను కూసున్న. ఆ ఏడాది మళ్లీ నోరు తెరవలేదు.

ఆ ప్రశ్నకు జవాబుంది. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకొని సాగి, డప్పు వదులైతుంది. మంట దగ్గర పెడితే ఆ తేమ పోతుంది, తోలు పోగులు ముడుచుకుంటాయి. వేడికి జరిగే వ్యాకోచం కంటే తేమ పోయినందుకు వచ్చే సంకోచం ఎక్కువ. అందుకే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే కంపనాలు పెరుగుతాయి, గొంతు లేస్తుంది. ఇనుముకు, తోలుకు తేడా తెలుసుకునే పాఠం అది. అందులో వ్యాకోచం, బాష్పీభవనం, ధ్వని మూడూ ఉన్నై. ఒక్క ప్రశ్నతో మూడు అధ్యాయాలు తెరిచే అవకాశం ఉండింది. సారుకు జవాబు తెలియకపోవడం తప్పు కాదు. ప్రశ్నకే అర్హత లేదనడం తప్పు. పిల్లవాని తండ్రి చేతిలో ఉన్న వస్తువు సైన్సుకు మైల అనడమే అది.

6

ఇక్కడ రెండో పక్క ప్రమాదం కూడా ఉంది. మన ఉత్పత్తి కులాల జ్ఞానాన్ని పిల్లల ముందు పెట్టాలని కంచ ఐలయ్య 2007లో 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' రాశారు. అది చేయాల్సిన పనే. కానీ కొందరు మిత్రులు ఇంకో అడుగు ముందుకేసి, మన తాతలంతా శాస్త్రవేత్తలే, ఈ పుస్తకాల సైన్సు మనకెందుకు అంటున్నారు. మా తాత శాస్త్రవేత్త అని నేను రాస్తే మా తాతకు గౌరవం వస్తుందేమో గాని, ఆయన చేసిన వెట్టి పోదు. తోలు ఎందుకు బిగుస్తుందో ఆయనకు చేతికి తెలుసు. తోలుపని ఆయన ఒక్కడే ఎందుకు చెయ్యాలో ఆ తోలు చెప్పదు. 1948 నవంబర్‌లో రాజ్యాంగసభలో ఊరిని పొగిడేవాళ్లను అంబేద్కర్ ఎందుకు ఎదుర్కొన్నాడో మనం మరవొద్దు. డప్పు పాఠం పేరుతో మన పిల్లను మళ్లీ డప్పు దగ్గరికే తోలితే అది ఇంకో మోసం.

అమూర్తత కూడా మన హక్కే. గాలిని, ఘర్షణను పక్కన పెట్టకపోతే చలన నియమాలు దొరికేవి కావు. "ఘర్షణను ఉపేక్షించండి" అనేది బలమైన పనిముట్టు. అయితే అది పనిముట్టు అని చెప్పాలి. దేన్ని పక్కన పెట్టినమో, ఎందుకు పెట్టినమో, ఎప్పుడు తిరిగి తెచ్చుకోవాలో చెప్పాలి. గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకాన్ని వెనిస్ ఓడల కార్ఖానా గురించిన సంభాషణతో మొదలుపెట్టిండు, అక్కడి పనివాళ్లతో మాట్లాడి నేర్చుకున్నమని పాత్రల చేత చెప్పించిండు. రమ్‌ఫర్డ్ 1798లో వేడి పదార్థం కాదని వాదించింది మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టం తొలిచేటప్పుడు పుట్టిన వేడిని చూసి. నిప్పు లేకుండా రెండున్నర గంటల్లో నీళ్లు మరిగినై. ఈ సైన్సు పనికాడనే పుట్టింది. పనిని ఉపేక్షించడం మన పుస్తకాలకు వచ్చేదాకా నేర్చుకున్న అలవాటు.

ఈ పనిముట్టుతో మనమే ఒక లెక్క వేద్దాం. దోసిలి పట్టిన మనిషికి 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పోస్తున్నారు. దోసిలిని తాకేటప్పుడు నీటి వేగం ఎంత? గాలిని ఉపేక్షించండి. జవాబు సెకనుకు 3 మీటర్లు, పట్టే కాలం 0.3 సెకను. సూత్రం సరైనదే, జవాబు సరైనదే. కానీ ఆ ఎత్తు ఎవరు ఇచ్చారు? లెక్కలో "ఇచ్చిన విలువ" అంటాం. చిన్నప్పుడు బడిలో ప్యూను వచ్చి పోస్తే తప్ప అంబేద్కర్‌కు నీళ్లు లేవు. ఆ ఎత్తును ప్రకృతి ఇవ్వలేదు. భౌతికశాస్త్రం నీటి వేగం చెప్పగలదు, ఎత్తుకు కారణం చెప్పలేదు. ఎక్కడ ఒక శాస్త్రం ఆగి ఇంకో శాస్త్రం మొదలుకావాలో పిల్లకు ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. మట్టిపనిలో కావలసిన ఆ నాలుగు లీటర్లు ఎవరి కుండలోంచి, ఎంత ఎత్తునుంచి వచ్చినై అని అడగడం కూడా తెలుస్తుంది.

7

ఇదంతా పుస్తకాల ముచ్చటే కదా అని కొందరు అనొచ్చు. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి, తమిళనాడు దళితుడు సెంథిల్ కుమార్ ఆత్మహత్య చేసుకున్నాడు. 2016 జనవరిలో అదే విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల. సైన్సు రచయిత కావాలని కోరుకున్నవాడు. ఆ చావులకు కారణం పాఠం చివరి లెక్క అని నేను అనడం లేదు. సైన్సు గదిలోకి మన పిల్లలు పోయే దారి ఎంత ఇరుకో చెబుతున్న. ఆ దారి పీహెచ్‌డీ దగ్గర మొదలుకాదు, పదో తరగతిలో "కూసో" అన్న దగ్గర మొదలవుతుంది.

పల్లె బడి పిల్లలు ప్రయోగం చేసి సైన్సు నేర్చుకోగలరని మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972 నుంచి 2002 దాకా చేసి చూపించింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మనం ప్రభుత్వం కోసం ఆగనక్కర లేదు. హాస్టళ్లలో సాయంత్రం చదువు చెప్పే మిత్రులు, ఉపాధ్యాయులు ప్రతి లెక్క తర్వాత మూడు ప్రశ్నలు అడిగిస్తే చాలు. ఈ లెక్కలో దేన్ని ఉపేక్షించినం? దాన్ని తిరిగి కలిపితే జవాబు ఎంత మారుతుంది? ఇచ్చిన విలువను ఎవరు ఇచ్చారు? మొదటి రెండూ భౌతికశాస్త్రమే. మూడోది మనది.

2024 ఫిబ్రవరిలో కోస్గిలో నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. ఎత్తిపోత అంటేనే ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తుల గుణకారం. ఎన్ని కిలోల నీళ్లు, ఎన్ని మీటర్ల ఎత్తు, ఎన్ని సెకన్లలో, ఎంత కరెంటు, చివరికి ఎవరి పొలానికి అని లెక్క కట్టే ఇంజనీరు మా వాడ నుంచి రావాలి. మట్టి మోసే చెయ్యి మాత్రమే పోతే చాలదు.

ఆ రాత్రి మా పిల్లతో అన్న: పరీక్షలో సున్నానే రాయి, మార్కు పోగొట్టుకోకు. నోటుబుక్కులో మాత్రం సున్నా కింద గీత కొట్టి, మిగతా లెక్క కూడా చెయ్యి. ఆమె 300, 640, 43,20,000 రాసుకున్నది. తర్వాత లీడ్ అంటే ఏందో అమ్మకు చెప్పింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు తను మోసిన ఒక్కో పనికాడ ఎంత దూరం ఉండెనో, ఎన్ని తట్టలు పడెనో, మేస్త్రీ ఎంత ఇచ్చెనో గుర్తు చేసుకొని చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల రాసుకుంటూ పోయింది. ఇరవై లెక్కల్లో ఆ రాత్రి ఆరే అయినై.